శ్రీ రాసిన బ్యాలెట్

ఈమధ్య మా ఇంటికి కాలేజీ పిల్లలు తరచుగా వస్తున్నారు. వచ్చేది నా ముఖం చూడ్డానికి కాదని, మా ఇంటి పెసరట్టు కోసమని నాకు తెలుసు. మొన్న ఒకమ్మాయి అట్టు తింటూ అడిగింది:

"ఆంటీ, ఎలక్షన్‌కి వన్ డే జాబ్ ఉందంటే అప్లై చేశా. సెలెక్ట్ చేశారు. అక్కడ ఏం చేయాలి?"

"చేయాల్సింది పుస్తకంలో ఇస్తారమ్మా. చేయకూడనిదే ఎవరూ చెప్పరు" అన్నాను.

"అదే చెప్పండి మరి."

అప్పటికి అల్లం చట్నీ వడ్డించి తప్పించుకున్నాను కానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది. కెనడాలో ఏజాక్స్ పక్కనున్న చిన్న ఊరు మాది. ఇక్కడి టౌన్ హాల్లో స్థానిక ఎన్నికల పని చేసి రిటైరయ్యాను. ఏ ఏడు ఏ గ్రేడుకి ఎక్కానో నాకే గుర్తులేదు, మీకెందుకు? ఆ పని నిజంగా ఎలాంటిదో నాకు తెలియజెప్పిన రెండు మూడు సంగతులు మాత్రం రాస్తాను.

గుర్తు ఏదమ్మా?

ఇక్కడ మేయరుకి గానీ, కౌన్సిలరుకి గానీ, పిల్లల బడులు చూసే స్కూల్ ట్రస్టీకి గానీ పార్టీ ఉండదు. బ్యాలెట్ మీద ఇంటిపేర్ల అక్షరక్రమంలో అభ్యర్థుల పేర్లుంటాయి. పక్కన ఒక సున్నా ఉంటుంది. ఆ సున్నాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టాలి. మా ఊరు చిన్నది కాబట్టి కాగితాలను చేత్తోనే లెక్కపెట్టేవాళ్ళం.

మన పెద్దవాళ్ళకి ఇది మింగుడుపడేది కాదు. పౌరసత్వం తీసుకుని, మొదటిసారి ఓటుకి పట్టుచీర కట్టుకొచ్చిన ఒక పెద్దావిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గుర్తు ఏదమ్మా?" అని అడిగింది.

"గుర్తుండదండీ. పేరు చూసి వేయాలి."

"గుర్తు లేకుండా ఓటేంటి? బొమ్మ లేని శుభలేఖలాగా!"

నేను నవ్వు ఆపుకుని, అభ్యర్థుల గురించి ఇంట్లో ముందే తెలుసుకుని రావాలని చెప్పాను. మనవడు చెప్పాల్సిందట, వాడు ఫోన్లోంచి తల ఎత్తలేదట. ఆవిడ నన్నే చెప్పమంది. చెప్పకూడదన్నాను. "ఏం మనిషివమ్మా, మన తెలుగుపిల్లవై ఉండి!" అని నిష్ఠూరమాడి తెర వెనక్కి వెళ్ళింది. ఆ ఉద్యోగంలో నేను విన్న మెచ్చుకోళ్ళలో దాన్నే పైన పెట్టుకుంటాను.

క్లర్క్ అంటే గుమస్తా కాదు

మా పైఅధికారి పేరు వాల్టర్. హోదా టౌన్ క్లర్క్. ఆ మాట విని మావారు మొదట్లో, "పాపం, ఇంత వయసొచ్చినా క్లర్కుగానే ఉన్నాడా?" అని జాలిపడ్డారు. ఇక్కడ క్లర్క్ అంటే ఊరి రికార్డులకీ, ఎన్నికలకీ పెద్ద. ఏ ఓటు చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చేది ఆయనే.

వాల్టర్ సరదా మనిషి కాదు. జేబులో పిప్పరమెంట్లు ఉండేవి, ఒక్కటి కూడా ఎవరికీ పెట్టేవాడు కాదు. ఎన్నికల నెలలో అభ్యర్థులెవరైనా డోనట్లు తెస్తే పెట్టె తెరవకుండానే వెనక్కి పంపేవాడు. ఆ డోనట్లు వెళ్ళిపోతుంటే నా కళ్ళు వాటివెంటే వెళ్ళేవి.

ఒకసారి మన అంకుల్ ఒకాయన కౌన్సిలరుగా నిలబడ్డారు. బ్యాలెట్ మీద తన పేరు ముందు డాక్టర్ అని వేయమన్నారు. వాల్టర్ కుదరదన్నాడు. చదువులూ, బిరుదులూ, హోదాలూ బ్యాలెట్ ఎక్కకూడదని చట్టం. అంకుల్ నన్ను పక్కకి పిలిచి, "పోనీ చివర గారు అయినా పెట్టించమ్మా, ఉత్త పేరు చూస్తే నాకే ఎవరో అనిపిస్తోంది" అన్నారు. నేను వెళ్ళి వాల్టర్‌కి గారు అంటే ఏమిటో వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "మంచి మాటే. బ్యాలెట్ మీద ఎవరికీ గారు లేదు" అన్నాడు. అప్పట్లో నాకు ఆయన ఉత్త మొండివాడిలా కనిపించాడు.

చెల్లెలింట్లో జడ్జీల ఎన్నిక

మా చెల్లెలు సియాటిల్ దగ్గర ఉంటుంది. ఒక శరదృతువులో దాని దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఓటు పోస్టులో ఇంటికే వస్తుంది. దోసెలు పోస్తూ, మధ్యమధ్యలో డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చి ఓటు వేస్తోంది మా చెల్లెలు.

"అక్కా, ఇంక సుప్రీంకోర్టు జడ్జీలు మిగిలారు. ఎవరికి వేయను?"

"సుప్రీంకోర్టుకి నువ్వు ఓటు వేయడమేంటే?"

"స్టేట్ సుప్రీంకోర్టు అక్కా. ఇక్కడ మేమే ఎలెక్ట్ చేస్తాం."

"ఏ పార్టీవాళ్ళు?" అని నోరు జారాను. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ ఆ ప్రశ్న అడక్కూడదని పాఠం చెప్పే మనిషిని నేను!

అది నవ్వి, "జడ్జీలకి పార్టీ రాయరు అక్కా. ఇద్దరి పేర్లు ఇస్తారు, అంతే. నేను పలకడానికి ఈజీగా ఉన్న పేరుకి వేస్తా. మీ మరిది ఫోటోలో నవ్వినవాళ్ళకి వేస్తాడు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. స్టవ్ ఆపించాను. అభ్యర్థులు తమ గురించి తాము రాసుకున్న మాటలతో ప్రభుత్వం ఒక పుస్తకం పంపుతుంది. దాన్ని పైకి చదవమన్నాను. చదివారు. ఒకరు పేదల తరఫున వాదించి పైకొచ్చిన లాయరు. ఇంకొకరు కింది కోర్టులో చాలాకాలం జడ్జిగా చేశారు. చెల్లెలికి ఒకరు నచ్చారు, మరిదికి మరొకరు. ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు మధ్యలో దూరి, జడ్జికి జాలి ఎక్కువ ఉండాలా, చట్టం ఎక్కువ తెలియాలా అని ఇంగ్లీషులో వాదన పెట్టింది. పిండి పులిసిపోయేదాకా పోట్లాడుకున్నారు. ఆ ఇంట్లో నేను చూసిన మంచి సాయంత్రాల్లో అదొకటి.

జడ్జీలు ఓట్లడగడం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. రేపు తీర్పు చెప్పాల్సిన మనిషి ఇవాళ నా గుమ్మంలో నవ్వుతూ నిలబడితే నాకేదో తేడాగా తోస్తుంది. ఇక్కడ కెనడాలో జడ్జీలను నియమిస్తారు, అదే నాకు నయం అనిపిస్తుంది. కానీ మా ఇంట్లో ఏనాడూ జడ్జి ఎలా ఉండాలని ఎవరం మాట్లాడుకోలేదు. పార్టీ లేని కాగితం ఓటరుకి పని పెడుతుంది. ఆ పని చేసేవాళ్ళకి అది చాలా బాగుంటుంది, చేయనివాళ్ళకి లాటరీ టికెట్టులా ఉంటుంది.

పద్మజ, డోరతీ

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో స్కూల్ ట్రస్టీ పదవికి ఒకసారి ఇద్దరు నిలబడ్డారు.

ఒకరు పద్మజ. నెల్లూరమ్మాయి, బ్యాంకులో పని. ఆటిజం ఉన్న కొడుక్కి బడిలో సహాయకురాలిని ఇప్పించుకోవడానికి తిరిగి తిరిగి విసిగిపోయి, "ఇంకో అమ్మ ఇలా తిరక్కూడదు" అని నిలబడింది. గెలవడం ఆమెకి సరదా కాదు. ట్రస్టీల బల్ల దగ్గర కూర్చుంటే తప్ప పని జరగదని ఆమెకి తెలుసు. భర్త రమేశ్ సాఫ్ట్‌వేర్. ప్రతి ఇంటి తలుపూ తట్టాడు పాపం, కుక్కలున్న ఇళ్ళు కూడా వదల్లేదు.

రెండో ఆవిడ డోరతీ. బడి ముందు రోడ్డు దాటించే క్రాసింగ్ గార్డ్. నారింజరంగు కోటు వేసుకుని, చేతిలో స్టాప్ పలకతో, మంచులో కూడా నిలబడి పిల్లల్ని దాటించేది. మనవల్ని దింపడానికి వచ్చే మన అమ్మమ్మలనీ, నాయనమ్మలనీ చెయ్యి పట్టుకుని దాటించేది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా రోజూ ఏవో కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

ఓట్లు లెక్కపెడితే ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ఒక్క కాగితాన్ని మాత్రం లెక్కపెట్టిన కుర్రాడు చెల్లదని పక్కన పెట్టాడు. సమానమైతే చట్టప్రకారం మళ్ళీ లెక్కపెట్టాలి. అప్పటికీ సమానమైతే క్లర్క్ చీటీ తీసి గెలిచినవాళ్ళను తేల్చాలి.

నువ్వు వద్దు

మళ్ళీ లెక్క కౌన్సిల్ హాల్లో జరిగింది. బల్లకి ఒకవైపు వాల్టర్, నేను. ఎదురుగా పద్మజ, రమేశ్, డోరతీ, ఆమె తరఫున వచ్చిన అన్నకొడుకు. ఒక్కో కాగితం ఎత్తి చూపించి లెక్కపెట్టాం. మళ్ళీ సమానం. ఇక ఆ పక్కన పెట్టిన కాగితం మిగిలింది.

వాల్టర్ దాన్ని అందరికీ కనిపించేలా పెట్టాడు. డోరతీ పేరు పక్కన సున్నాలో ఇంటూ మార్కు చక్కగా ఉంది. కాగితం నెత్తిన, నట్టనడుమ, పెన్సిల్‌తో గుండ్రంగా రాసిన శ్రీ ఉంది.

చూడగానే అదేమిటో నాకు తెలిసిపోయింది. లెక్కపెట్టిన కుర్రాడు దాన్ని సంతకం అనుకున్నాడు. అతని తప్పు లేదు. ఓటరెవరో తెలిసిపోయేలా కాగితం మీద రాతగానీ గుర్తుగానీ ఉంటే ఆ ఓటు చెల్లదని నియమం.

"ఇదేమిటి?" అన్నాడు వాల్టర్.

అందరూ నావైపే చూశారు. ఆఫీసు మొత్తంలో బొట్టు పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. నోరు తెరిచాను. వాల్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"విజయా, నువ్వు వద్దు."

ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఇన్నేళ్ళు ఈ మనిషి దగ్గర నిజాయితీగా పనిచేస్తే, ఇందరి ముందు నోరు మూయిస్తాడా అనుకున్నాను. ఆయన మాత్రం నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వు ఎన్నికల ఉద్యోగివి. నువ్వేం చెప్పినా ఒకరికి లాభం, ఒకరికి నష్టం. రేపు బయట ఎవరైనా నీ మాటను అనుమానిస్తే ఈ ఎన్నికే అనుమానంలో పడుతుంది. అభ్యర్థుల్లో ఎవరికైనా తెలిస్తే చెప్పొచ్చు. రెండోవాళ్ళు ప్రశ్నలడగొచ్చు."

హాల్లో తెలుగు వచ్చినవాళ్ళం ముగ్గురమే. నన్ను పక్కన పెట్టేశాక మిగిలింది పద్మజ, రమేశ్. ఆ ఓటు చెల్లితే పద్మజ ఒక్క ఓటుతో ఓడిపోతుంది. చెల్లకపోతే చీటీ తీస్తారు, గెలిచే అవకాశం సగం ఉంటుంది.

రమేశ్ గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు: "పద్దూ, నువ్వేం మాట్లాడకు. చూస్తే సిగ్నేచర్‌లానే ఉంది. వదిలెయ్. ఫిఫ్టీ-ఫిఫ్టీ ఛాన్స్ ఉంది మనకి."

ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. కానీ నేను గోడలా కూర్చోవాలి. కూర్చున్నాను. అంతకన్నా కష్టమైన పని ఆ ఉద్యోగంలో నేనెప్పుడూ చేయలేదు.

పద్మజ ఆ కాగితాన్నే చూస్తోంది. మొదట పెదవి బిగించింది. తర్వాత ఆమె ముఖంలో నవ్వు మొదలైంది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు.

"ఇది సంతకం కాదండీ" అంది వాల్టర్‌తో. "దీన్ని శ్రీ అంటారు. శుభం కోసం రాస్తారు. మా అమ్మమ్మ కొట్టుకి పంపే సరుకుల చీటీ మీద కూడా రాసేది. నేను టెన్త్ పరీక్షల్లో ప్రతి అడిషనల్ షీట్ మీదా రాశాను. మావాళ్ళకి ఖాళీ కాగితం ఇస్తే చెయ్యి ముందు ఇదే రాస్తుంది."

"ఒక్కరే రాస్తారా, చాలామంది రాస్తారా?"

"నేను రాస్తాను. ఈయనా రాస్తాడు. విజయ ఆంటీ సంగతి మీరు చెప్పనివ్వలేదు కదా!"

హాలంతా నవ్వింది. వాల్టర్ తెల్లకాగితం ఒకటి ముందుకు జరిపాడు. పద్మజ శ్రీ రాసి పెన్సిల్ రమేశ్‌కి ఇచ్చింది. అతను భార్యను ఒకసారి చూసి, నిట్టూర్చి, తనూ రాశాడు. రెండూ బ్యాలెట్ మీది శ్రీలాగే ఉన్నాయి.

"అందరూ రాసేది ఏ ఒక్కరినీ పట్టివ్వదు" అని వాల్టర్ ఆ ఓటుని డోరతీ కట్టలో పెట్టాడు.

ఆయన నా నోరు ఎందుకు మూయించాడో అప్పుడు అర్థమైంది. అదే మాట నేను చెప్పి ఉంటే సగంమంది నమ్మేవాళ్ళు. ఓడిపోతానని తెలిసి పద్మజ చెప్పింది కాబట్టి ఊరంతా నమ్మింది. పిల్లలూ, పోలింగ్ బల్ల దగ్గర మీకు తెలిసిన ప్రతిదీ చెప్పక్కర్లేదు. చెప్పాల్సినవాళ్ళకి చోటు వదలండి.

బయటికొచ్చాక రమేశ్ ఊరుకోలేదు. "ఇంకా టైముంది పద్దూ. జడ్జి దగ్గర అప్లై చేసుకోవచ్చు. ఆ బ్యాలెట్ ఆయన మళ్ళీ చూస్తాడు."

"చూసి ఏమడుగుతాడు? ఇదేంటమ్మా అంటాడు. మళ్ళీ నేనేగా చెప్పాలి!"

రమేశ్ కూడా పకపకా నవ్వేశాడు. మా చెల్లెలి ఊళ్ళో జడ్జిగారే ఓటరు ముందుకి వస్తాడు. ఇక్కడ ఓటే జడ్జిగారి ముందుకి వెళ్ళాల్సింది, పద్మజ వెళ్ళనివ్వలేదు. డోరతీ మాత్రం ఏడ్చేస్తూ ఆమెను వాటేసుకుంది.

"నాకోసం ఎందుకు చేశావు?" అని అడిగింది.

"మీకోసం కాదు డోరతీ. ఎవరో శుభం జరగాలని దండం పెట్టుకుని మరీ ఓటేశారు. అలాంటి ఓటుని ఎలా పారేయమంటాను?"

నేను కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను. బాధతో మాత్రం కాదు.

హీటర్ కింద వనభోజనం

తర్వాత కార్తీకమాసం వచ్చింది. చెట్టు కింద తినాల్సిన భోజనాన్ని మేం కమ్యూనిటీ సెంటర్లో హీటర్ కింద తింటాం. పులిహోర, గారెలు, గుత్తివంకాయ అన్నీ ఉన్నాయి. డోరతీని కూడా పిలిచాం. ఆవిడ ట్రస్టీ అయ్యాక చేసిన మొదటి పని, పద్మజను పక్కన కూర్చోబెట్టుకుని సహాయకుల సమస్యంతా చెప్పించుకోవడం.

వడ్డనలు జరుగుతుండగా సుందరమ్మగారనే పెద్దావిడ పద్మజ చెయ్యి పట్టుకుంది. మనవరాలిని రోజూ బడికి దింపే మనిషి. ముఖం చిన్నబోయి ఉంది.

"అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. ఆరోజు నేను ఓటుకి వెళ్ళి, అలవాటుకొద్దీ..."

పద్మజ చటుక్కున గారె ఒకటి తీసి ఆవిడ నోట్లో పెట్టింది. "ఆంటీ, చల్లారిపోతాయి. ముందు తినండి."

సుందరమ్మగారు నమిలి మింగి, "అది కాదే, ఆ కాగితం మీద..."

రెండో గారె వెళ్ళింది.

"ఓటు గురించి ఎవరికీ చెప్పకూడదు ఆంటీ. నాకైతే అస్సలు చెప్పకూడదు. చెప్తే ఇంకా గారెలున్నాయి, చూసుకోండి!"

ఆవిడకి పొలమారింది, నవ్వొచ్చింది. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు కూడా ఎందుకో తమ విస్తళ్ళలోకి తెగ చూసుకుంటున్నారు. నేను సాంబారు గిన్నెవైపు తిరిగిపోయాను. ఆ శ్రీ ఎవరిదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

పెన్సిల్ పరీక్ష

నేను చేసిన ఆఖరి ఎన్నికలో పద్మజ మళ్ళీ నిలబడింది. డోరతీ మోకాళ్ళ నొప్పులతో తప్పుకుంది. ఈసారి ఎదుట మరెవరో ఉన్నారు.

ఎన్నికకి ముందు వాల్టర్ దగ్గరికి వెళ్ళి ఒక కోరిక కోరాను. ఓటర్ల వరుస మొదట్లో చిన్న బల్ల వేసి, తెల్లకాగితం, పెన్సిల్ పెడదామన్నాను. రాయాలనిపించింది అక్కడ రాసేసుకుంటే బ్యాలెట్ శుభ్రంగా ఉంటుంది. ఆయన పిప్పరమెంటు చప్పరిస్తూ ఆలోచించాడు.

"పెన్సిల్ పరీక్షించుకోండి అని రాసి పెట్టు. అందరికీ ఒకటే మాట."

పొద్దుటినుంచీ జనం దాని మీద గీస్తూనే ఉన్నారు. మన పెద్దవాళ్ళు వరుసలో వచ్చి, శ్రీ రాసి, కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళారు. పంజాబీ తాతగారొకాయన తమ భాషలోని శుభాక్షరం రాశాడు. ఎవరో పాప పిల్లిని గీసింది. ఎవరో హలో అని రాశారు.

ఆ సాయంత్రం లెక్క తేలింది. పద్మజ గెలిచింది, తిరుగులేకుండా గెలిచింది. హాల్లో మేం చప్పట్లు కొట్టకూడదు. నేను సామాన్ల గదిలోకి పోయి, ఓటు బల్లల మీద పెట్టే అట్టతెరల మధ్య నిలబడి, అరచేతులు మండేదాకా కొట్టుకుని వచ్చాను.

వచ్చేసరికి వాల్టర్ ఆ బల్ల దగ్గర వంగి ఉన్నాడు. నిండిపోయిన కాగితం మూలన ఖాళీ వెతుక్కుని, ఒక శ్రీని చూస్తూ తనూ రాస్తున్నాడు. మెలికలు తిరిగి తిరిగి అది అచ్చం జిలేబీలా వచ్చింది. తలెత్తి నన్ను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"విజయా, ఇప్పుడు నువ్వు చెప్పొచ్చు. ఎలా ఉంది?"

నేను ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, వెలుగులోకి పట్టుకుని, ఆయన బ్యాలెట్లను చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశాను.

"చెల్లుతుంది" అన్నాను.

ఆయన జేబులోంచి ఒక పిప్పరమెంటు తీసి నా చేతిలో పెట్టాడు.